సూక్ష్మజీవులకు ఒక నారుమడి
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



రేపు మీరు పొలానికి వెళ్ళినప్పుడు గట్టు దిగి, పైరు మొదట్లో నుంచి ఒక చిటికెడు మట్టి తీసి అరచేతిలో వేసుకొని చూడండి. రంగు కనబడుతుంది, పదును తెలుస్తుంది, వాసన తగులుతుంది. అందులోని ప్రాణం మాత్రం కంటికి కనబడదు. సారవంతమైన నేలలో ఒక గ్రాము మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు ఉంటాయి. మన పైరుకు అడుగున మరొక పైరు ఎల్లకాలము పెరుగుతూ ఉన్నదన్న మాట. దానికి మనం విత్తనం వేయలేదు, కలుపు తీయలేదు. అయినా పై పంట చాలావరకు దానిమీదనే ఆధారపడి ఉన్నది.

ఆ అడుగు పైరును గురించి, దానిని చూడడానికి శాస్త్రజ్ఞులు ఇటీవల చేసుకొన్న ఒక చిన్న పరికరమును గురించి ఈ రోజు మీతో ముచ్చటించదలచాను. ఆ పరికరము మీరు కొనవలసినది కాదు. అయితే అది నేర్పిన పాఠము ప్రతి రైతుకు పనికివచ్చేది.

మట్టిలోని పనివారు

మీరు చల్లిన పశువుల ఎరువు, దమ్ములో కలియదున్నిన జీలుగ, జనుము, కోసిన తరువాత మిగిలిన కొయ్యకాళ్ళు – ఇవేవీ ఉన్నవి ఉన్నట్లుగా పైరు తినలేదు. సూక్ష్మజీవులు వాటిని కుళ్ళబెట్టి, అందులోని పోషకములను వేళ్ళు పీల్చుకొనే రూపములోకి మార్చవలెను. యూరియా వేసినా అంతే. నేలలోని జీవులు దానిని మార్చిన తరువాతనే పైరుకు ఎక్కువ భాగము అందుతుంది.

వేరుశనగ మొక్కను జాగ్రత్తగా పెకలించి వేళ్ళు చూడండి. చిన్న చిన్న బుడిపెలు కనబడతాయి. ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల లేత ఎరుపుగా ఉంటే అది పనిచేస్తున్నదని అర్థము. ఆ బుడిపెలో రైజోబియం అనే బాక్టీరియా కాపురమున్నది. అది గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది, మొక్క దానికి పిండిపదార్థమును ఇస్తుంది. ఈ బాక్టీరియాను 1888లో హాలండు దేశపు శాస్త్రజ్ఞుడు బైజరింక్ వేరుచేసి పెంచాడు. దానిని విడిగా పెంచగలిగినందువలననే ఈనాడు మీకు రైజోబియం పొట్లములు దొరుకుతున్నవి.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోండి. ఏ సూక్ష్మజీవినైనా మందుగానో, ఎరువుగానో పొట్లములో పెట్టి మీకు ఇవ్వవలెనంటే ముందు దానిని పెంచడం చేతకావలెను. పెంచలేని జీవిని పరీక్షించలేము, పంచలేము. అసలు చిక్కు ఇక్కడనే వచ్చింది.

పళ్ళెంలో పెరగని జీవులు

సూక్ష్మజీవులను పెంచే పద్ధతి నూరేళ్ళకు పైబడినది. సముద్రపు నాచునుంచి తీసే అగర్ అనే పదార్థమును నీళ్ళలో కాచి, అందులో చక్కెర, మాంసపు సారము వంటి ఆహారము కలిపి, గాజు పళ్ళెంలో పోస్తారు. అది జున్నువలె గట్టిపడుతుంది. మట్టిని నీళ్ళలో కలిపి, పలుచన చేసి, ఒక చుక్క దానిమీద పూస్తారు. రెండు మూడు రోజులకు చుక్కలు చుక్కలుగా బాక్టీరియా పొదలు లేస్తాయి.

అయితే అదే మట్టిని సూక్ష్మదర్శిని క్రింద పెట్టి లెక్కించినప్పుడు ఒక చిత్రమైన విషయము బయటపడింది. కంటికి కనబడే జీవులు నూరు ఉంటే పళ్ళెంలో పెరిగినవి సుమారు ఒక్కటి మాత్రమే. మిగిలిన తొంభైతొమ్మిది చచ్చినవి కావు. అవి ఆ పళ్ళెంలో పెరగడానికి ఒప్పుకోవు.

ఎందుకు ఒప్పుకోవు? కొత్తగా కొని తెచ్చిన గేదె రెండు రోజులు మేత సరిగా ముట్టదు, చేపదు. నీవు ఎంత మంచి దాణా పెట్టినా అంతే. దానికి తన కొట్టము కావలెను, తన దూడ కావలెను, తెలిసిన చెయ్యి కావలెను. సూక్ష్మజీవులదీ ఇదే తీరు. కొన్నింటికి పళ్ళెంలోని ఆహారము మరీ ఎక్కువ. కొన్ని మిక్కిలి నెమ్మదిగా పెరుగుతాయి. అవి కన్ను తెరిచేలోపల త్వరగా పెరిగేవి పళ్ళెమంతా ఆక్రమిస్తాయి. మరికొన్ని ఇరుగుపొరుగుమీద ఆధారపడి బ్రతుకుతాయి. ఇనుమును పట్టి తెచ్చే పదార్థమును తాము చేసుకోలేక, పక్కజీవి వదిలినదానిని వాడుకొనే బాక్టీరియా కూడా ఉన్నట్లు 2010లో కనిపెట్టారు. అటువంటి దానిని ఒంటరిగా తెచ్చి పళ్ళెంలో పెడితే ఎట్లా పెరుగుతుంది?

మందులు పుట్టిన నేలలు

ఈ చిక్కు శాస్త్రజ్ఞులను ఎందుకు అంతగా బాధించిందో తెలియవలెనంటే పొలాలనుంచి వచ్చిన మందుల కథ కొంచెం చెప్పవలెను.

మట్టిలోని జీవులు ఒకదానితో ఒకటి పోటీపడతాయి. ఎదుటిదానిని అణచడానికి కొన్ని విషపదార్థములను వదలుతాయి. ఆ పదార్థములలో మనిషికి హాని చేయకుండా రోగక్రిములను మాత్రమే చంపేవి దొరికితే అవే మనకు మందులు. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రములో రట్గర్స్ వ్యవసాయ కళాశాల ఆచార్యుడు వాక్స్‌మన్, ఆయన శిష్యుడు షాట్జ్ 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనిపెట్టారు. దానిని ఇచ్చే జీవి దొరికిన చోట్లలో ఒకటి బాగా పశువుల ఎరువు వేసిన పొలపు మట్టి. క్షయరోగమును ఎదిరించిన తొలి మందు అదే. వాక్స్‌మన్‌కు 1952లో నోబెల్ బహుమతి లభించింది.

రెండవ కథలో మన తెలుగువాడు ఉన్నాడు. మిస్సోరీ విశ్వవిద్యాలయములో సాన్‌బర్న్ క్షేత్రమని 1888లో మొదలుపెట్టిన వ్యవసాయ పరిశోధన పొలము ఉన్నది. 1945లో ఆ పొలములోని గడ్డి మడినుంచి తీసిన మట్టిలో డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు ఆరియోమైసిన్ ఇచ్చే జీవిని పట్టుకొన్నాడు. అది టెట్రాసైక్లిన్ జాతి మందులలో మొదటిది. డగ్గర్ పనిచేసిన లెడర్లే సంస్థలో అప్పుడు పరిశోధనలకు అధిపతి భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

ఈ విధంగా రెండు దశాబ్దాలలో ఎన్నో మందులు మట్టినుంచి వచ్చినవి. తరువాత రాబడి తగ్గింది. ఎన్ని దేశాల మట్టి తెచ్చి పళ్ళెంలో వేసినా పెరిగేవి ఆ ఒక్క వంతు జీవులే గనుక, తెలిసిన మందులే మళ్ళీ మళ్ళీ దొరికినవి. ఒకే చెలమను తోడినకొద్దీ బురద వచ్చినట్లు అయింది. మరొక వైపు రోగక్రిములు పాత మందులకు అలవాటుపడి లొంగకుండా పోతున్నవి. కొత్త మందులు కావలెనంటే ఆ పెరగని తొంభైతొమ్మిది వంతులలో వెదకవలెను.

మట్టిలోనే మొలకెత్తించే చిప్

అమెరికాలోని బోస్టన్ నగరములో నార్త్ ఈస్టర్న్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు స్లావా ఎప్‌స్టీన్, కిమ్ లూయిస్ అనే ఇద్దరు, వారి సహచరులు ఒక తేలికైన ఆలోచన చేశారు. జీవి మన పళ్ళేనికి రాకపోతే మన పళ్ళెమునే జీవి ఇంటికి తీసుకుపోదాము అన్నారు. 2002లో సముద్రపు ఒండ్రులోని బాక్టీరియాతో మొదట ఈ పద్ధతిని నిరూపించారు. 2010లో దానిని చిన్నదిగా చేసి, ఒకేసారి వందలకొద్ది జీవులను పెంచే చిప్‌గా మలచారు. దాని పేరు ఐచిప్.

చిప్ అనగానే కంప్యూటరు, సెల్‌ఫోను మీకు గుర్తుకు రావచ్చును. ఇందులో విద్యుత్తు లేదు, తీగలు లేవు. ఇది అరచేతిలో ఇమిడే ఒక ప్లాస్టిక్ పలక. పలకలో 384 రంధ్రాలు, ఒక్కొక్కటి ఒక మిల్లీమీటరు వెడల్పు. ఇటునుంచి అటు చూస్తే వెలుతురు కనబడుతుంది.

పని ఈ విధముగా జరుగుతుంది. పొలపు మట్టిని నీటిలో కలిపి, ఎంత నీటిలో ఎన్ని జీవులు ఉన్నవో లెక్కించి, కరిగిన అగర్‌లో కలిపి పలుచన చేస్తారు. ఒక రంధ్రములో పట్టే ద్రవములో సగటున ఒక్క జీవి ఉండేటట్లు చూస్తారు. పలకను అందులో ముంచి తీస్తే ప్రతి రంధ్రములో ఒక బొట్టు నిలిచి గట్టిపడుతుంది. మీరు గుంటకు ఒక గింజ చొప్పున విత్తనము పెట్టినట్లే ఇది కూడా. తరువాత పలకకు రెండు వైపులా పలుచని పొర పరచి, పైన మరొక రంధ్రాల పలక చొప్పున బిగించి, చిప్‌ను ఆ మట్టిలోనే పూడ్చిపెడతారు. మట్టి ఎండకుండా పదును ఉంచుతారు.

ఆ పొరలోనే కిటుకంతా ఉన్నది. పొరలోని సందులు 0.03 మైక్రాన్ మాత్రమే. మిల్లీమీటరులో వెయ్యో వంతు మైక్రాన్. సాధారణ బాక్టీరియా సుమారు ఒక మైక్రాన్ ఉంటుంది. అందుచేత బాక్టీరియా లోపలినుంచి బయటికి పోలేదు, బయటిది లోపలికి రాలేదు. కాని నీరు, లవణములు, పక్క జీవులు వదిలే పోషకములు, సారములు అన్నీ ధారాళముగా రాకపోకలు సాగిస్తాయి.

మీరు వరి విత్తనమును గోనె సంచిలో మూటకట్టి కాలవలో నానవేస్తారు గదా. నీరు లోపలికి పోతుంది, గింజ బయటికి పోదు. గింజ తాను సంచిలో ఉన్నాననుకోదు, తడి నేలలోనే ఉన్నాననుకొని మొలకకు సిద్ధపడుతుంది. ఐచిప్ చేసేది ఇదే పని. జీవికి తన మట్టి, తన ఇరుగుపొరుగు అన్నీ అందుతున్నవి. కాని అది ఒంటరిగా, శాస్త్రజ్ఞుని చేతికి దొరికే చోట ఉన్నది.

కొన్ని వారాల తరువాత చిప్‌ను తవ్వి తీసి చూస్తారు. పళ్ళెంలో నూటికి ఒకటి పెరిగే చోట ఈ పద్ధతిలో నూటికి ఏబది దాకా పెరిగినట్లు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మరొక విశేషము, ఒకసారి ఇట్లా మట్టిలో గుంపుగా పెరిగిన జీవులలో చాలావరకు ఆ తరువాత పళ్ళెంలో కూడా పెరగడం నేర్చుకొంటాయి. నారుమడిలో నిలదొక్కుకొన్న నారు పొలములో నాటితే పాతుకొన్నట్లుగా.

ఒక గడ్డినేల ఇచ్చిన ఫలము

అమెరికాలోని మెయిన్ రాష్ట్రములో ఒక గడ్డినేలనుంచి మట్టి తీసి ఈ చిప్‌లో పెంచారు. ఈ విధముగా కూడబెట్టిన పదివేల బాక్టీరియా రకములను ఒక్కొక్కటిగా పరీక్షించగా, మెయిన్ మట్టిలోని ఒక కొత్త బాక్టీరియా రోగక్రిములను బలముగా చంపే పదార్థమును ఇస్తున్నట్లు తేలింది. బాక్టీరియాకు ఎలెఫ్తీరియా టెర్రే అని, పదార్థమునకు టెయిక్సోబాక్టిన్ అని పేరు పెట్టి 2015 జనవరిలో ప్రకటించారు. పాత మందులకు లొంగని చీముక్రిములను, క్షయక్రిమిని కూడా అది చంపింది. వ్యాధి సోకించిన ఎలుకలను బ్రతికించింది. క్రిమి తన గోడ కట్టుకొనే ముడిసరుకునే అది పట్టివేస్తుంది గనుక, దానికి అలవాటుపడిన క్రిమి ఆ పరీక్షలలో కనబడలేదు. 2023లో ఇదే పద్ధతిలో ఉత్తర కరోలినా ఇసుకనేలనుంచి క్లోవిబాక్టిన్ అనే మరొకటి దొరికింది.

ఇవి రేపే మందుల దుకాణములో దొరుకుతాయని అనుకోకండి. ఎలుకలో పనిచేసినది మనిషికి మందు కావడానికి ఎన్నో ఏళ్ళ పరీక్షలు దాటవలెను. పైగా టెయిక్సోబాక్టిన్ అన్ని క్రిములను చంపదు. రెండు పొరల గోడగల క్రిములమీద దాని బలము చాలదు. పదివేలు వెదికితే ఒకటి రెండు దొరికిన సంగతి కూడా మరువరాదు.

పేర్లు చదివే మరొక చిప్

సూక్ష్మజీవులను చూడడానికి మరొక రకపు చిప్ కూడా కలదు. అది గాజు పలక. దానిమీద వేలకొద్ది చిన్న చుక్కలు ఉంటాయి. ప్రతి చుక్కలో ఒక్కొక్క జీవిజాతి వంశపదార్థములోని ఒక ముక్క అంటించి ఉంటుంది. మట్టిలోనుంచి గాని, నీటిలోనుంచి గాని తీసిన వంశపదార్థమును దానిమీద పోస్తే, ఏ జాతి ఉంటే ఆ చుక్క వెలుగుతుంది. 2010లో మెక్సికో అఖాతములో నూనెబావి పగిలి సముద్రములోకి నూనె చిమ్మినప్పుడు, అమెరికాలోని బర్క్‌లీ పరిశోధనాలయము వారు ఫైలోచిప్ అనే ఇటువంటి చిప్‌తో లోతునీటిని పరీక్షించి, నూనెను తినే బాక్టీరియా అక్కడ బాగా పెరిగినట్లు కనుగొన్నారు.

ఈ చిప్ జనాభా లెక్క వంటిది. ఊళ్ళో ఎవరెవరు ఉన్నారో చెబుతుంది. ఐచిప్ ఆ మనిషిని పిలుచుకొచ్చి ఎదుట నిలబెడుతుంది. నీకు ఏ పని వచ్చునో చేసి చూపించు అని అడగవలెనంటే రెండవదే కావలెను.

రైతుకు దీనివలన ఏమి?

ఇదంతా మందుల సంగతి, మాకేమిటి అని మీలో ఎవరైనా అడిగితే అది సరియైన ప్రశ్నయే. మూడు మాటలలో జవాబు చెబుతాను.

మొదటిది, ఈ చిప్ మీ నేలలో నత్రజని, భాస్వరము ఎంత ఉన్నవో చెప్పదు. ఎకరానికి ఎన్ని బస్తాల ఎరువు వేయవలెనో చెప్పదు. దానికి మామూలు భూసార పరీక్షయే కావలెను. ఎవరైనా చిప్ పేరు, సూక్ష్మజీవుల పేరు చెప్పి, ఏ పంటకైనా, ఏ నేలకైనా ఒకటే సీసా చాలునని అమ్మవస్తే తొందరపడి కొనకండి. ఒక జీవి తన ఇరుగుపొరుగు లేనిదే పెరగదని ఇప్పుడే చెప్పుకొన్నాము. అటువంటప్పుడు అన్ని నేలలకు సరిపోయే జీవి ఉంటుందనడం ఎంత దూరము నిజమో మీరే ఆలోచించండి.

రెండవది, ఈనాడు పొట్లములలో దొరికే జీవులు చాలావరకు పళ్ళెంలో పెరగడానికి ఒప్పుకొన్న ఆ కొద్దివాటిలోనివే. వేరులోకి పాకి భాస్వరమును అందించే మైకోరైజా అనే బూజు ఇప్పటికీ పళ్ళెంలో ఒంటరిగా పెరగదు. జొన్న, మొక్కజొన్న వంటి మొక్కల వేళ్ళమీదనే దానిని పెంచి ఇస్తున్నారు. పెరగనివాటిని పెంచే మార్గము దొరికింది గనుక పైరుకు మేలుచేసే కొత్త జీవులు కూడా రాబోయే కాలములో చేతికి రావచ్చునని ఆశించవచ్చును.

మూడవది అన్నిటికన్న ముఖ్యము. మనకు ఇంతవరకు పేరు కూడా తెలియని జీవులు మన పొలాలలో ఉన్నవి. వాటిలో ఏది రేపు ప్రాణము నిలిపే మందు ఇస్తుందో, ఏది పైరుకు బలమిస్తుందో ఈనాడు ఎవరూ చెప్పలేరు. స్ట్రెప్టోమైసిన్ ఎరువు వేసిన పొలములో దొరికింది. ఆరియోమైసిన్ పరిశోధన మడిలో దొరికింది. టెయిక్సోబాక్టిన్ గడ్డినేలలో దొరికింది. ఈ మూడూ మామూలు నేలలే. మన నేలను మనం నిర్జీవము చేసుకొంటే వెదకడానికి కూడా ఏమీ మిగలదు.

మనము చేయవలసినవి

1. కోత కోసిన తరువాత గడ్డికి, కొయ్యకాళ్ళకు నిప్పు పెట్టకండి. ఆ వేడికి పై పొరలోని జీవులు మాడిపోతాయి, వాటి ఆహారము పొగై పోతుంది. గడ్డిని మేతకు వాడండి, కంపోస్టు చేయండి, లేదా దమ్ములో కలియదున్నండి.

2. పశువుల ఎరువును, పచ్చిరొట్టను మానకండి. రసాయనిక ఎరువు పైరుకు మేత. సేంద్రియ ఎరువు నేలలోని పనివారికి మేత. రెండూ అవసరమే.

3. పప్పుజాతి పైర్లకు, వేరుశనగకు రైజోబియం పట్టించేటప్పుడు ఆ పైరుకు తగిన పొట్లమునే తీసుకోండి. శనగకు ఇచ్చేది వేరుశనగకు పనికిరాదు. పొట్లముమీద గడువు తేదీ చూడండి. బెల్లపు నీళ్ళతో కలిపి, విత్తనమునకు పట్టించి, నీడన ఆరబెట్టి, ఆ రోజే విత్తండి. బూజుతెగుళ్ళ మందుతో శుద్ధి చేయవలసివస్తే ముందు ఆ మందు పట్టించి, చివర రైజోబియం పట్టించండి. రెండింటిని కలిపి ఒకేసారి వేయకండి.

4. క్రిమినాశక ఔషధములను, అనగా యాంటీబయోటిక్కులను, పశువులకు, కోళ్ళకు పశువైద్యుని సలహా లేకుండా వాడకండి. మందు వేసిన పశువు పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో ఆయననే అడిగి తెలుసుకోండి. కోళ్ళ మేతలో పెరుగుదల కోసము కలిపే కొలిస్టిన్‌ను 2019లో కేంద్ర ప్రభుత్వము నిషేధించింది. మనుషులకు కడపటి అస్త్రముగా మిగిలిన మందు అది.

5. పైరుమీద స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ కలిపిన పొడిని అలవాటుగా చల్లకండి. అగ్గితెగులు వంటి బూజుతెగులుకు అది పనిచేయదు. దాని వాడుకను ఆపడానికి 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వము ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది. ఆకు ఎండితే ముందు అది ఏ తెగులో వ్యవసాయాధికారికి చూపించి తెలుసుకోండి. మట్టినుంచి వచ్చిన మందును మళ్ళీ మట్టిమీద విచ్చలవిడిగా పోస్తే, దానికి లొంగని క్రిములను మనమే పెంచి పోషించినవారమవుతాము. ఆ క్రిమి రేపు మన ఇంటి బిడ్డకే సోకవచ్చును. అప్పుడు వైద్యుని చేతిలో మందు ఉండదు.

సోదరులారా, నూరేళ్ళపాటు శాస్త్రజ్ఞులు మట్టిని పరిశోధనాలయమునకు తెచ్చుకొని, పళ్ళెంలో పెరిగినవాటినే పరీక్షించారు. తమ పళ్ళెమును తీసుకుపోయి మట్టిలో పూడ్చిన తరువాత గాని, పెరగనివాటిలో చాలావాటిని పెంచడం వారికి చేతకాలేదు. పెరగని జీవి చెడ్డది కాదు, దానికి మనం ఇచ్చిన చోటు మంచిది కాదు అన్నది ఆ చిన్న పలక చెప్పిన మాట. మీ నేలలోని జీవులకు మీరే చోటు ఇచ్చేవారు. కొంచెము సేంద్రియ ఎరువు, కొంచెము పదును, నిప్పునుంచి, అనవసరపు మందులనుంచి రక్షణ – ఇంతే అవి అడిగేది. రేపు పొలములో ఆ చిటికెడు మట్టిని చూసిన తరువాత, దానిని తిరిగి పైరు మొదట్లోనే వేయండి.